చేపముల్లు చెప్పే పల్నాటి కథ

శాసనాలు రాజుల పేర్లు చెబుతాయి, దాతల పేర్లు చెబుతాయి. ఆ రాజ్యంలో పొయ్యి మీద ఏం ఉడికిందో మాత్రం చెప్పవు. ఆ సంగతి మట్టిలో మిగిలిన ఎముకలకు తెలుసు. వాటిలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ముందు చేజారిపోయేది చేపముల్లు. దాన్ని ఏరి, గుర్తుపట్టి, చదవడం ఒక శాస్త్రం. వేల ఏళ్లుగా కృష్ణ ఒడ్డున మనుషులు బతుకుతున్న పల్నాడుకు ఆ శాస్త్రంతో చాలా పని ఉంది.

పల్నాడు అనగానే శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉన్న ఒక చాటువు తెలుగువాళ్లకు గుర్తొస్తుంది. రాజాస్థానాల భోగాలకు అలవాటుపడ్డ కవి ఈ సీమకు వచ్చి ఇక్కడి జొన్న, సజ్జ తిండినీ నాగులేటి నీటినీ నాపరాళ్లనూ పాములనూ తేళ్లనూ ఏకరువు పెట్టాడు. కవిసార్వభౌముడి మాట కాబట్టి అది శతాబ్దాల పాటు నిలిచింది. పల్నాటి తిండి అంటే జొన్నకూడే అన్నంతగా స్థిరపడింది.

ఆ జాబితాలో చేప లేదు. సీమ పొడవునా కృష్ణ పారుతోంది. మాచర్ల మీదుగా చంద్రవంక, కారంపూడి మీదుగా నాగులేరు వెళ్లి ఆ కృష్ణలోనే కలుస్తాయి. ఏరు తగ్గి మడుగులు కట్టినప్పుడు ఊత పట్టుకుని నీళ్లలో దిగే పిల్లలు, వాగుకు అడ్డంగా మావు వేసే పెద్దలు, గాలం చేతబట్టి గట్టున కూర్చునేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. దారిన పోయే కవికి కనిపించిందే కవిత్వంలోకి ఎక్కింది. పూరిగుడిసెలో చట్టిలో ఉడికింది ఎక్కలేదు. గ్రంథాల్లో లేనిది జీవితంలోనూ లేదనుకుంటే చరిత్రలో సగం మంది మాయమైపోతారు. అలా మాయమైనవాళ్ల జాడ పట్టే సాక్ష్యాల్లో చేపముల్లు ఒకటి.

మునిగిన లోయ, మిగిలిన దిబ్బలు

పల్నాటి పురావస్తు చరిత్రలో పెద్ద అధ్యాయం నాగార్జునకొండ. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న ఆ లోయలో ఒక రాతిస్తంభాన్ని సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో మద్రాసు పురావస్తు శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్.రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. స్తూపాలు, విహారాలు, శాసనాలు బయటికొచ్చాయి. క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఇదేనని లోకానికి తెలిసింది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోవడం ఖాయమైంది. అంతకు ముందే, 1954లో, ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో మొదలైన భారీ తవ్వకాలు 1960 దాకా సాగాయి. పాతరాతి యుగపు పనిముట్ల నుంచి కొత్తరాతి యుగపు నివాసాలు, పెద్దరాళ్ల సమాధులు, ఇక్ష్వాకుల నగరం, మధ్యయుగపు ఆనవాళ్ల వరకు ఒకే లోయలో దొరికాయి. ఇంత పొడవైన మనిషి కథ ఒకే చోట దొరకడం దేశంలోనే అరుదు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయీ విప్పి కొండ మీదికీ అనుపు అనే చోటికీ తరలించారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతోనే పల్నాడు పచ్చబడింది.

మునుగుతున్న లోయలో ముందుగా కాపాడుకోవాల్సినవి కట్టడాలు, శిల్పాలు, శాసనాలు. తవ్వినవాళ్లు ఆ పని గొప్పగా చేశారు. గడువు ముంచుకొస్తున్నప్పుడు గంపల కొద్దీ మట్టిని నీటితో కడిగి గోరంత ఎముకలు ఏరే పద్ధతి ఆనాటికి మన దేశంలోనే కాదు, ప్రపంచంలోనూ అంతగా వాడుకలోకి రాలేదు. ఆ లోయను మళ్లీ తవ్వే వీలు మనకు లేదు. అయితే పల్నాడంటే నాగార్జునకొండ ఒక్కటే కాదు. గురజాల ప్రాంతంలో 1926లో జూవో దుబ్రుయ్ వెలికితీసిన గోలి స్తూపం ఉంది. కేశానుపల్లి బౌద్ధ క్షేత్రం ఉంది. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోకే అమరావతి, దాని పక్కన ధరణికోట వచ్చాయి. 1962-65 నడుమ ధరణికోటలో జరిగిన తవ్వకాల్లో పడవలు వచ్చే కాలువ, రేవుకట్ట ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇవి కాక ప్రతి ఊరి పొలిమేరలో పాటిదిబ్బ అని జనం పిలిచే పాత ఊళ్ల మట్టి ఉంది. ముల్లు వెతకాల్సింది ఇకముందు ఇక్కడే.

ఏ ముల్లు ఏ చేపది?

చేప శరీరంలో వందకు పైగా ఎముకలుంటాయి. అన్నీ ఒకేలా మట్టిలో నిలవవు, అన్నీ ఒకేలా సాక్ష్యం చెప్పవు. పక్కటెముకల్లాంటి సన్నటి ముళ్లు దొరికినా అది చేప అని తప్ప ఏ చేపో చెప్పడం కష్టం. గుర్తుపట్టడానికి పనికొచ్చేవి కొన్నే ఉన్నాయి.

మొదటిది గొంతుపళ్లు. బొచ్చె, శీలావతి, పరిగె లాంటి చేపలకు దవడల్లో పళ్లుండవు. మొప్పల వెనక, గొంతులో ఒక వంపు తిరిగిన ఎముక మీద పళ్లుంటాయి. బొచ్చెకు, శీలావతికి అవి మూడు వరుసల్లో ఉంటాయి. పళ్ల ఆకారం, వరుసల లెక్క ఒక్కో జాతికి ఒక్కో తీరు. గట్టిగా ఉంటాయి కాబట్టి మిగతా తల అంతా మట్టిలో కలిసిపోయినా ఇవి నిలుస్తాయి.

రెండోది జెల్లల రెక్కముల్లు. జెల్ల, మార్పు, ఇంగిలాయి లాంటి పొలుసు లేని చేపలకు మొప్పల పక్కన ఇరువైపులా గట్టి ముల్లు ఉంటుంది. చాలా జాతుల్లో దాని అంచున రంపపు పళ్ల లాంటి గాట్లుంటాయి. ఆ గాట్లు లోపలి అంచున ఉన్నాయా, వెలుపలి అంచున ఉన్నాయా, ఎంత ఎడంగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి జాతిని చెప్పవచ్చు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే మంట ఎలా ఉంటుందో వల విప్పేవాళ్లందరికీ అనుభవమే. చేపను శత్రువుల నుంచి కాపాడిన ఆ ముల్లే వేల ఏళ్ల తర్వాత దాని పేరు చెప్పే సాక్షి అవుతుంది.

మూడోది వెన్నుపూస. రెండు వైపులా గుంటపడిన బిళ్లలా ఉంటుంది. ఒక్కో చేపలో ముప్పై, నలభై వెన్నుపూసలుంటాయి కాబట్టి తవ్వకాల్లో ఎక్కువగా దొరికేది ఇదే. జెల్లల జాతుల్లో మెడ దగ్గరి పూసలు కొన్ని కలిసిపోయి ఒకే ముద్దగా ఉంటాయి. పూస గుంటలో చెట్టు మానులో ఉన్నట్టే వలయాలుంటాయి. తిండి దొరికే రోజుల్లో వలయం వెడల్పుగా, దొరకని రోజుల్లో ఇరుకుగా పెరుగుతుంది. అంచున ఉన్న ఆఖరి వలయాన్ని చూసి ఆ చేప ఏ రుతువులో చచ్చిపోయిందో అంచనా వేస్తారు. వరద వచ్చేటప్పుడు పట్టారా, ఎండాకాలం మడుగుల్లో పట్టారా అన్నది అలా తేలుతుంది.

నాలుగోది చెవిరాయి. చేప తలలో, లోపలి చెవిలో సున్నపు పదార్థంతో ఏర్పడే చిన్న రాయి ఇది. కొన్ని చేపల్లో ఆవగింజంత, సముద్రపు గొరక లాంటి చేపల్లో చిక్కుడుగింజంత ఉంటుంది. దీని ఆకారం జాతిని చెబుతుంది, వలయాలు వయసు చెబుతాయి. అందులోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిస్తే ఆ చేప ఈదిన నీటి గుణం కూడా కొంత తెలుస్తుంది.

వీటికి తోడు వాలుగ దవడ, కొర్రమీను పుర్రె ఎముకలు, పొలుసుల గీతలు పనికొస్తాయి. రూపం చెప్పలేనంతగా ముక్కలైన ఎముకలో ప్రొటీన్ మిగిలి ఉంటే దాని అమరికను బట్టి కుటుంబాన్ని గుర్తించే పద్ధతి గత రెండు దశాబ్దాల్లో వచ్చింది. మన ఎండలకు ఆ ప్రొటీన్ తొందరగా పాడైపోతుంది. అందుకే కంటితో పోల్చి చూసే పాత పద్ధతికి ఇక్కడ ఇప్పటికీ పెద్దపీట.

ఆ పోలికకు కావలసింది ఎముకల భాండాగారం. తెలిసిన చేపను తెచ్చి, పొడవు కొలిచి, బరువు తూచి, మెల్లగా ఉడికించి, మాంసం విడదీసి, ప్రతి ఎముకనూ ఆరబెట్టి, పేరు రాసి భద్రపరుస్తారు. తవ్వకంలో దొరికిన ముక్కను దాని పక్కన పెట్టి చూస్తారు. ఒక్కో జాతిలో చిన్నవీ పెద్దవీ ఉంచుకుంటే దొరికిన ఎముక కొలతను బట్టి ఆనాటి చేప ఎన్ని శేర్లు తూగిందో కూడా లెక్కకట్టవచ్చు. పాత పొరల్లో పెద్ద చేపలు, పై పొరల్లో చిన్నవి కనిపిస్తే ఆ ఊరివాళ్లు ఏటిని ఎంతగా గాలించారో అర్థమవుతుంది.

జల్లెడ తెచ్చిన మార్పు

చేపముల్లు కనిపించకపోవడానికి పెద్ద కారణం అది లేకపోవడం కాదు, దాన్ని ఏరకపోవడం. ఉత్తర గ్రీసులోని సిటాగ్రోయ్ అనే పాత దిబ్బ మీద సెబాస్టియన్ పేన్ అనే పరిశోధకుడు ఈ సంగతిని పరీక్షించి 1972లో ప్రకటించారు. కూలీలు చేత్తో ఏరిన తర్వాత మిగిలిన మట్టిని జల్లెడ పట్టించారు. చేతికి దొరికినవి ఎక్కువగా పశువుల పెద్ద ఎముకలు. చిన్న జీవాల ఎముకలు చాలా వరకు జల్లెడలోనే తేలాయి. చేత్తో ఏరిన వాటినే నమ్ముకుంటే ఆ ఊరివాళ్లు గొడ్డుమాంసం తప్ప మరొకటి ఎరగరని రాసి ఉండేవారు.

మన నేల మీదా ఇలాంటి మార్పు ఒకటి వచ్చింది. 1990ల చివరిలో డోరియన్ ఫుల్లర్, ఆయన తోటి పరిశోధకులు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల కొత్తరాతి యుగపు దిబ్బల మట్టిని నీటిలో కలిపి తేలిన మసి గింజలను ఏరారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. నాలుగు వేల ఏళ్ల కిందట దక్కను రైతు పొలం ఎలా ఉండేదో ఆ గింజలు చెప్పాయి. అప్పటిదాకా బూడిదకుప్పలు, పశువుల ఎముకలు చూసి వాళ్లు ముఖ్యంగా పశుపాలకులని అనుకునేవారు. మట్టిని కడిగే ఆ నీటితోనే ఒకటి రెండు మిల్లీమీటర్ల జల్లెడలో చేపముళ్లూ నిలుస్తాయి. పని ఒకటే, ఫలితాలు రెండు.

ఎముక నిలవడానికి పల్నాటి నేల కూడా అనువైనదే. ఆమ్లగుణం ఉన్న మట్టిలో ఎముక కరిగిపోతుంది, సున్నం ఉన్న మట్టిలో నిలుస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు రాయినిచ్చే ఈ నేల కర్నూలు గుహల నేలకు చుట్టం. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వినప్పుడు పెద్ద జంతువులతో పాటు గబ్బిలాల, ఎలుకల ఎముకలు కూడా దొరికాయి. రిచర్డ్ లిడెక్కర్ వాటిని పరీక్షించి 1886లో వివరించారు. ఎలుక ఎముక నిలిచిన చోట చేపముల్లూ నిలుస్తుంది. నల్లరేగడితో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టిలో చిన్న ఎముకలు విరుగుతాయి, పై పొరలోవి నెర్రెల్లోంచి కింది పొరలోకి జారతాయి.

ముల్లును అడగాల్సిన ప్రశ్నలు

నాగార్జునకొండలో అష్టభుజస్వామి ఆలయం ఒకటి ఉండేది. అభీర వసుసేనుడి 30వ పాలనా సంవత్సరంలో వేసిన శాసనం ఆ ఆలయం సంగతి చెబుతుంది. అక్కడ దొరికిన శంఖాల్లో ఒకదాని మీద ఆ స్వామి పేరు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. శంఖం సముద్రపు జీవి. సముద్రానికి వంద మైళ్లకు పైగా ఎగువన ఉన్న ఊరికి అది చేరింది. బోధిశ్రీ అనే ఉపాసిక శాసనంలో కంటకసెల పేరు కనిపిస్తుంది, అది కృష్ణా డెల్టాలోని ఘంటసాల అని పరిశోధకుల మాట. ధరణికోటలో రేవుకట్ట ఉంది. సముద్రానికీ పల్నాటికీ నడుమ నది మీద రాకపోకలు ఎంత చురుగ్గా ఉండేవో వీటిని బట్టి తెలుస్తుంది.

శంఖం దేవుడి గుడికి వచ్చింది. మరి ఎండుచేప సామాన్యుడి ఇంటికి వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ముల్లొక్కటే. దానికి ఒక దారి సింధులోయలో దొరికింది. హరప్పాలో విలియం బెల్చర్ చేపల ఎముకలను పరీక్షించినప్పుడు రావి నది చేపలతో పాటు సముద్రపు జెల్లల ఎముకలూ కనిపించాయి. అరేబియా సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. పచ్చిచేప అంత దూరం రాలేదు కాబట్టి ఎండబెట్టో ఉప్పువేసో తెచ్చారని ఆయన అభిప్రాయం. ఎండబెట్టేటప్పుడు చాలాచోట్ల తల తీసేస్తారు. అందువల్ల ఒక చోట తల ఎముకలు కుప్పగా దొరికి, మరో చోట వెన్నుపూసలే దొరికితే మొదటిది చేపలు కోసిన చోటు, రెండోది తిన్న చోటు అని అంచనా వేయవచ్చు. ధరణికోట మట్టిలోనూ పల్నాటి లోపలి ఊళ్ల మట్టిలోనూ ఈ లెక్క తీస్తే రెండు వేల ఏళ్ల నాటి ఉప్పుచేప బేరం మన కళ్ల ముందుకొస్తుంది.

రెండో ప్రశ్న విహారాల గురించి. నాగార్జునకొండ విహారాల్లో భోజనశాలలు ఉండేవి. తన కోసమే చంపినట్టు చూడకుండా, వినకుండా, అనుమానం లేకుండా ఉంటే భిక్షువు చేపనూ మాంసాన్నీ భిక్షగా స్వీకరించవచ్చని పాళీ వినయపిటకం అంటుంది. పూర్తిగా మానాలని దేవదత్తుడు పట్టుబట్టినా బుద్ధుడు ఒప్పుకోలేదని అందులోనే ఉంది. నియమం పుస్తకంలో ఉంటుంది, ఆచరణ పెంటకుప్పలో మిగులుతుంది. పల్నాటిలో ఇకముందు ఏ విహారం తవ్వినా వంటశాల వెనకటి మట్టిని జల్లెడ పట్టాలి. చైత్యం ఎంత విలువైందో ఆ కుప్ప కూడా అంతే విలువైంది.

మూడో ప్రశ్న ఎత్తిపోతల దగ్గర పుడుతుంది. మాచర్ల దాటి వచ్చిన చంద్రవంక అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తర్వాత కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నుంచి ఎగువకు ఈదుకొచ్చే చేపకు ఆ జలపాతం దాటరాని గోడ. పెద్ద నదిలో మాత్రమే బతికే చేపల ఎముకలు జలపాతానికి ఎగువన ఉన్న పాత దిబ్బల్లో దొరికాయనుకోండి. వాటిని అక్కడికి తెచ్చింది నీరు కాదు, మనిషే. కృష్ణ ఒడ్డువాళ్లకూ లోపలి ఊళ్లవాళ్లకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవని చెప్పడానికి ఇంత సూటి సాక్ష్యం మరొకటి ఉండదు.

వంట గురించి కూడా ముల్లు చెప్పగలదు. ఇజ్రాయెల్‌లోని గెషెర్ బెనోట్ యాకోవ్‌లో 7,80,000 ఏళ్ల నాటి పొరల్లో పెద్ద చేపల గొంతుపళ్లు దొరికాయి. మన బొచ్చె, శీలావతి ఏ కుటుంబానివో ఆ చేపలూ ఆ కుటుంబానివే. ఎముకలు దాదాపు లేవు, పళ్లే మిగిలాయి. పళ్ల పింగాణీలోని స్ఫటికాలను ఎక్స్‌రేలతో పరీక్షించి, అవి నేరుగా మంటలో కాలినవి కావనీ ఒక మాదిరి వేడికి గురైనవనీ ఇరిట్ జోహార్ బృందం 2022లో ప్రకటించింది. అంటే ఆ చేపలను వండారన్నమాట. మనిషి వండిన తొలి కూటికి సాక్ష్యంగా ఇవాళ ప్రపంచం చూపిస్తున్నది చేప గొంతులోని పన్నును.

తొందరపడకూడని చోటు

దొరికిన ప్రతి ముల్లూ మనిషి తిన్నది కాదు. కృష్ణలో నీటికుక్కలున్నాయి. కొంగలు, ఇతర పక్షులు చేపలను గట్టుకు తెచ్చి తింటాయి. వరద వెనక్కి తగ్గితే గుంటల్లో చిక్కిన చేపలు అక్కడే చచ్చిపోతాయి. అందుకే ముల్లును చదివేవాళ్లు ముందు దాని మీది గుర్తులు చూస్తారు. కత్తి గాటు ఉందా? నల్లగా మాడిందా? సుద్దలా తెల్లబడిందా? జీర్ణరసాలు తగిలి అంచులు అరిగాయా? నమిలినట్టు నలిగిందా? పొయ్యి బూడిదలో, పగిలిన చట్టి పెంకుల మధ్య దొరికిందా, ఒట్టి ఇసుక పొరలో దొరికిందా? పక్కనే గాలం ముక్కలు, వలకు కట్టే బరువుగుండ్లు ఉన్నాయా? మొహెంజొదారో, లోథాల్ లాంటి చోట్ల దొరికిన రాగి గాలాలు అక్కడి చేపముళ్ల సాక్ష్యానికి బలమిచ్చాయి.

లెక్కలోనూ జాగ్రత్త కావాలి. నలభై వెన్నుపూసలు దొరికితే అవి నలభై చేపలవి కావచ్చు, ఒకే చేపవీ కావచ్చు. అందుకే ముక్కల సంఖ్యను ఒకటిగా, కనీసం ఎన్ని చేపలుంటాయన్న అంచనాను మరొకటిగా విడివిడిగా రాస్తారు. నిదానం లేనిదే ఈ విద్య లేదు. ఒక్క గంప మట్టిలోంచి వచ్చిన ముళ్లను వేరు చేయడానికి రోజులు పడుతుంది. మన దేశంలో ఈ ఓపికను ఒక సంప్రదాయంగా పెంచింది పుణెలోని దక్కను కళాశాల. అంతకు ముందు కలకత్తా జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు పునాది వేశారు. హరప్పా జంతు అవశేషాలపై బైనీ ప్రసాద్ గ్రంథం 1936లోనే వచ్చింది. ఆ సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా మన పాత గ్రంథాల్లోని చేపల పేర్లను శాస్త్రీయ నామాలతో పోల్చే పనికి పూనుకున్నారు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో చేపల వేటపై ఒక అధ్యాయమే ఉంది. ఏ చేపకు ఏ ఎర వేయాలో కూడా అందులో చెప్పారు. పల్నాటి యుద్ధం జరిగిందీ ఆ శతాబ్దంలోనే. రాజు సరదాగా గాలం వేసిన సంగతి గ్రంథస్థమైంది. అదే కాలంలో నాగులేటి మడుగులో పొట్టకూటికి వల వేసినవాడి సంగతి చెప్పాల్సింది మట్టే.

వల వేసేవాళ్లే పండితులు

తెలుగునాట చేపల శాస్త్రం మొదలైందే పల్లెకారులను అడగడంతో. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉంటూ రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి, వివరాలు రాసి, 1803లో గ్రంథంగా తెచ్చారు. అందులో ఆయన చేపలకు స్థానికులు చెప్పిన పేర్లే నమోదు చేశారు. మనవాళ్లు తరతరాలుగా వేరు చేసి చూస్తున్న తేడాలే ఆ గ్రంథానికి ఆధారం.

హరప్పా ఎముకలు చదివిన బెల్చర్ కూడా ముందుగా ఇవాళ్టి జాలరుల మధ్య తిరిగారు. ఏ కాలంలో ఏ వల వేస్తారు, ఏ చేపను ఎక్కడ కోస్తారు, ఏ ఎముక ఎక్కడ పారేస్తారు అన్నది చూసి, ఆ తెలివితో నాలుగు వేల ఏళ్ల నాటి కుప్పలను అర్థం చేసుకున్నారు. మనకూ అలాంటి గురువులు పక్కనే ఉన్నారు. సాగర్ కట్టాక జలాశయం మీద బతకడానికి ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. నల్గొండ వైపు వెనుక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ అనే ఊరే వెలిసింది. ఈ గట్టున తరాల నుంచి కృష్ణను నమ్ముకున్న పల్లెకారులున్నారు. చీకట్లో వల తడిమి ఏది జెల్లో, ఏది వాలుగో చెప్పగల చేతులవి. చేప శుభ్రం చేసే ఆడవాళ్లకు ఏ ఎముక ఎక్కడుంటుందో, ఏది ఎంత గట్టిదో కత్తిపీట దగ్గరే తెలుస్తుంది. ఈ జ్ఞానానికి విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయాల్సిన సమయం వచ్చింది.

తొందర ఎందుకంటే నది మారిపోయింది. 1855లో బెజవాడ ఆనకట్ట, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ, సాగర్, శ్రీశైలం, పులిచింతల వచ్చాక సముద్రం నుంచి ఎదురీదే చేపకు దారి మూసుకుపోయింది. 1952లో ఆఫ్రికా తిలాపియా మన దేశంలోకి వచ్చింది. 1959లో గడ్డిచేప, వెండిచేప వచ్చాయి. నిషేధించినా ఆఫ్రికా మార్పు చెరువుల్లోకి చేరింది, దాని ఎముకలు మన మార్పు ఎముకలను పోలి ఉంటాయి. ఇవాళ్టి సంతలో కొన్న చేపలతో ఎముకల భాండాగారం కడితే రెండు వేల ఏళ్ల నాటి కృష్ణకు అది సరిపోదు. నదిలోనే పుట్టిపెరిగిన వాలుగ, ముక్కుజెల్ల, బొమ్మిడాయి, నాటు మార్పు, ఇంగిలాయి, పరిగెలు ఇంకా వలలో పడుతున్నప్పుడే వాటి ఎముకలు భద్రపరచాలి.

చేయగలిగిన పనులు

దీనికి కోట్లు అక్కర్లేదు. గుంటూరు పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివేవాళ్లున్నారు, జంతుశాస్త్రం చదివేవాళ్లున్నారు. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. హైదరాబాదులో జంతు సర్వేక్షణ సంస్థ వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. ఎవరి గదిలో వాళ్లుండకుండా ఒక బల్ల దగ్గర కూర్చుంటే కృష్ణా చేపల ఎముకల భాండాగారం కొన్నేళ్లలో తయారవుతుంది. నాగార్జునకొండ మ్యూజియంలో శిల్పాల పక్కన ఒక అద్దాల పెట్టెలో గొంతుపళ్లు, రెక్కముళ్లు, చెవిరాళ్లు పెట్టి వాటి తెలుగు పేర్లు రాస్తే మాచర్ల బడిపిల్లలు తమ ఇంటి తిండికీ చరిత్ర ఉందని గ్రహిస్తారు.

పురావస్తు శాఖ ఇకముందు పల్నాటిలో ఎక్కడ గడ్డపార దించినా ప్రతి పొర నుంచి కొలిచిన మట్టిని జల్లెడ పట్టడం నియమం కావాలి. కృష్ణా తీరంలో అది ఐచ్ఛికం కాకూడదు. పాటిదిబ్బలను కాపాడుకోవడం మరో బాధ్యత. బూడిద, ఎముక కలిసిన పాటిమట్టి పొలానికి బలమని రైతులు తరతరాలుగా బండ్ల మీద తోలుకుపోయారు. అప్పుడు తట్టలతో తీసింది ఇప్పుడు యంత్రాలతో ఒక్క పూటలో పోతోంది. పంటకు బలమిచ్చే ఆ ఎముకల్లోనే మన తాతముత్తాతల కూటి కథ ఉంది. ఊరి పాటిదిబ్బ ఎక్కడుందో గుర్తించి, దాన్ని తవ్వుకుపోకుండా చూడాల్సిన బాధ్యత పంచాయతీది, ఊరివాళ్లది.

నాగార్జునకొండలో ఒక పంతులు చూసి చెప్పడం వల్ల మహానగరం బయటపడింది. ఇవాళ ఏ పొలం గట్టునో, వాగు కోతలోనో పాత పెంకుల మధ్య బూడిద పొర, అందులో సన్నటి ఎముకలు కనిపిస్తే వాటిని కదపకుండా పురావస్తు శాఖకు కబురు చేయడం అందరూ చేయగల పని. ఇక్ష్వాకు రాణులు దానాలిచ్చి శాసనాలు వేయించుకున్నారు. వాళ్ల రాజ్యంలో పుట్టి మీద వెళ్లి వల వేసినవాళ్లకు, ఆ చేప కోసి వండిన తల్లులకు శాసనం వేయించే తాహతు లేదు. వాళ్లు వదిలి వెళ్లినవి ముళ్లే. వాటిని శాసనమంత శ్రద్ధగా చదివిన రోజున పల్నాటి చరిత్రలో రాజులతో పాటు వాళ్లకూ చోటు దొరుకుతుంది.